పాత గిటార్ సౌండ్ కోసం కొత్త పికప్స్ కొనాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీ దగ్గర మామూలు స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్) మోడల్ గిటార్, ఒక మల్టీ ఎఫెక్ట్స్ ప్రాసెసర్ ఉన్నాయి. ప్రాసెసర్ నుంచి ఆడియో ఇంటర్‌ఫేస్‌కి, అక్కడి నుంచి హెడ్‌ఫోన్స్‌కి. 1960ల నాటి బ్రిటన్ వాద్యబృందం ‘ది షాడోస్’ సౌండ్ కావాలి, అందులోనూ ‘అపాచీ’లో హ్యాంక్ మార్విన్ గిటార్ లాంటిది. ప్రాసెసర్లో ముందే అమర్చి ఇచ్చిన సెట్టింగుల్లో (ప్రీసెట్లు) ‘వింటేజ్’ అని పేరున్నవన్నీ తిప్పి చూశారు. ప్రతిదీ సన్నగా, గాజు మీద మేకుతో గీసినట్టు వస్తోంది. పద్దెనిమిది వేలు పెట్టి వింటేజ్ పికప్స్ (తీగల కదలికని సిగ్నల్‌గా మార్చే భాగాలు) సెట్ కొనాలా అన్నది మొదటి ప్రశ్న. పన్లోపనిగా జెర్మేనియం ట్రాన్సిస్టర్ల ఫజ్ పెడల్ (సౌండ్‌ని గరగరలాడించేది) కూడా తీసుకుంటే మంచిదా అన్నది రెండోది.

పికప్స్ ఇప్పుడే కొనొద్దు. ఫజ్ అసలే వద్దు, ఆ సౌండ్‌లో ఫజ్ లేదు.

అప్పటి సామాను ట్రెబుల్‌ని దారి పొడవునా తినేసేది. కేబుల్ కొంత తినేది, స్పీకర్ చాలా తినేది, ఎకో యంత్రం మిగిలిందాంట్లో ఇంకొంత తినేది. ఇప్పటి సామాను ఏదీ తినదు. గిటార్‌లో పుట్టిన ప్రతి కీచు చప్పుడునీ భద్రంగా తెచ్చి మీ చెవిలో పోస్తుంది. కాబట్టి ఆ తినే పనిని ఒక్కోచోట మళ్లీ పెట్టుకుంటూ రావాలి. స్పీకర్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి, గిటార్ వైపు రండి. పికప్స్ వంతు చిట్టచివర వస్తుంది, చాలామందికి అక్కడిదాకా వెళ్లే అవసరమే పడదు.

నేను విజయవాడ చుట్టుపక్కల ఆర్కెస్ట్రాల్లో ఇరవయ్యేడేళ్లుగా వాయిస్తున్నాను. ప్రోగ్రామ్ లేని రోజుల్లో గిటార్లు, ఆంప్లిఫయర్లు రిపేర్ చేస్తాను. మీరు చేయబోతున్న పని నేను చేసే ఉన్నాను. ఒకప్పుడు రెండు పెళ్లిళ్ల సీజన్లు దాచిన డబ్బుతో బయటి నుంచి పికప్స్ తెప్పించి వేసుకున్నాను. ఆ వారమే గుంటూరులో రిసెప్షన్. గిటార్ నేరుగా మిక్సర్‌లోకి వెళ్తోంది, మిక్సర్ నుంచి కొమ్ము ట్వీటర్లున్న పెద్ద బాక్సులకి. మొదటి పాట అయ్యాక మా కీబోర్డ్ ఆయన్ని “ఎలా ఉంది గురూ?” అనడిగాను. “ఏది?” అన్నాడు. నాకూ తేడా తెలియలేదు, ఆయన ముందు ఒప్పుకోలేకపోయాను అంతే.

స్పీకర్ నుంచి మొదలుపెట్టండి. గిటార్ ఆంప్లిఫయర్లో ఉండే పన్నెండు అంగుళాల స్పీకర్ సుమారు 5,000 హెర్ట్జ్ దాటాక గబగబా పడిపోతుంది. మీ హెడ్‌ఫోన్స్ 20,000 దాకా వినిపిస్తాయి. హ్యాంక్ మార్విన్ ‘అపాచీ’కి వాడింది వాక్స్ ఏసీ15, పేరులో ఉన్నట్టే పదిహేను వాట్ల చిన్న వాల్వ్ ఆంప్. దాని వెనకే ఏసీ30 వచ్చింది. మీ ప్రాసెసర్లో ఈ రెండిట్లో ఏదో ఒకదాని మోడల్ దాదాపు తప్పకుండా ఉంటుంది, పేరు కాస్త మార్చి పెట్టి ఉంటారు. ‘టాప్ బూస్ట్’ అని ఉన్నది తీసుకోవద్దు. ఆ సర్క్యూట్ తర్వాత వచ్చింది, దాని పనే ట్రెబుల్ పెంచడం. నార్మల్ చానల్ చాలు.

ఇప్పుడు క్యాబినెట్ సిమ్యులేషన్, అంటే స్పీకర్ పెట్టెనీ దాని ముందు మైకునీ ప్రాసెసర్ అనుకరించడం. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. ప్రీసెట్లలో మామూలుగా ష్యూర్ ఎస్‌ఎం57 అనే మైకు స్పీకర్ నడిమధ్యకి ఆనించి పెట్టి ఉంటుంది. అది గిటార్ సౌండ్‌లో బాగా పదునుగా ఉండే చోటు. పైగా ఆ మైకు మార్కెట్లోకి వచ్చింది 1965లో, ‘అపాచీ’ విడుదలైంది 1960లో. మైకుని కండెన్సర్ రకానికో రిబ్బన్ రకానికో మార్చండి, స్పీకర్ అంచు వైపు జరపండి, వీలైతే అడుగు దూరం పెట్టండి. ఆ తర్వాత గ్లోబల్ ఈక్యూలో (మొత్తం సౌండ్ మీద పనిచేసే ఈక్వలైజర్) హై కట్ 5,500 హెర్ట్జ్ దగ్గర, లో కట్ 90 దగ్గర పెట్టండి, వాటికి పైనా కిందా ఉన్నది తగ్గిపోతుంది. ఈ ఒక్క పనితో గాజు గీసినట్టుండడం సగానికి పైగా పోతుంది. పోయిందంటే పద్దెనిమిది వేలు మిగిలినట్టే.

ఒక జాగ్రత్త. రేపెప్పుడైనా ఇదే ప్రాసెసర్ని నిజమైన గిటార్ ఆంప్‌కి కలిపితే క్యాబ్ సిమ్యులేషన్ ఆపేయాలి. లేకపోతే స్పీకర్ మీద స్పీకర్ పెట్టినట్టయి, దుప్పటి కప్పుకుని మాట్లాడుతున్నట్టు వినిపిస్తుంది. మళ్లీ “మీరు చెప్పింది చేస్తే మొద్దుగా వస్తోంది” అని నా మీదకి రావద్దు.

గెయిన్. మీరు పెట్టిన సెట్టింగుల (ప్యాచ్) ఫోటోలో గెయిన్ ఆరు మీద ఉంది. మూడుకి దించండి. పాత రికార్డుల్లో గిటార్ బలంగా వినిపిస్తే మనం దాన్ని డిస్టార్షన్ అనుకుంటాం. అది చాలావరకు గట్టిగా మీటడం, వాల్వులు, టేపు కలిసి ఆ దెబ్బని కాస్త అణచడం. గట్టిగా మీటినప్పుడు మాత్రమే అంచు కొద్దిగా పగలాలి, మెల్లగా మీటితే శుభ్రంగా ఉండాలి. అక్కడ ఆపండి.

ఇక నాకు బాగా ఇష్టమైన విషయం కేబుల్. దీని గురించి చెప్తే చాలామంది నవ్వుతారు.

గిటార్ పికప్ అంటే సన్న రాగితీగ వేల చుట్లు చుట్టిన కాయిల్. కేబుల్ అంటే లోపలి తీగకీ పైజాలీకీ మధ్య ఉన్న ఒక పొడుగాటి కెపాసిటర్. మీటరుకి సుమారు 100 పికోఫారడ్లు వేసుకోండి. కాయిల్, కెపాసిటర్ కలిస్తే సౌండ్ ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర మూపురంలాగా పైకి లేచి, దాని తర్వాత కిందకి పడిపోతుంది. మూడు మీటర్ల మంచి కేబుల్‌తో, పికప్‌లో ఉండే కొద్దిపాటి కెపాసిటెన్స్ కూడా కలుపుకుంటే, స్ట్రాట్ పికప్ మూపురం 4,500 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటుంది. అప్పట్లో టెలిఫోన్ రిసీవర్ వైరులాంటి చుట్టల కేబుళ్లు బాగా వాడేవారు. సాగదీస్తే ఆరు మీటర్లయ్యే చుట్టల కేబుల్లో అసలు వైరు అంతకంటే చాలా ఎక్కువ ఉంటుంది. మొత్తం 1,500 పికోఫారడ్లకి చేరితే మూపురం 2,700 దగ్గరికి దిగొస్తుంది. అంటే కీచు పోవడమే కాదు, దాని బదులు కింద మధ్య స్వరాల (మిడ్) దగ్గర ఒళ్లు వస్తుంది. ఈక్యూలో ట్రెబుల్ తగ్గిస్తే ఈ ఫలితం రాదు, అక్కడ ట్రెబుల్ పోతుంది, ఒళ్లు మాత్రం రాదు. గిటార్ టోన్ నాబ్ కొద్దిగా తిప్పినా మూపురం అణుగుతుంది గానీ కిందకి జరగదు.

పరీక్షించడానికి కేబుల్ కొననక్కర్లేదు. ఎలక్ట్రానిక్స్ విడిభాగాల షాపులో రెండు సెరామిక్ కెపాసిటర్లు అడగండి, ఒకదాని మీద 471 అని, ఇంకోదాని మీద 102 అని రాసి ఉంటుంది. మొదటిది 470, రెండోది 1,000 పికోఫారడ్లు. చిల్లర డబ్బులే. ఒక పాత కేబుల్ ప్లగ్ మూత విప్పి, మధ్య పిన్నుకీ బయటి లోహానికీ నడుమ టంకం వేయండి. ముందు 471తో వినండి, చాలకపోతే 102. ఆ ప్లగ్ గిటార్ వైపున్నా ప్రాసెసర్ వైపున్నా ఒకటే, కానీ మధ్యలో ఇంకే పెడలూ ఉండకూడదు. బఫర్ (సిగ్నల్‌కి బలమిచ్చి ముందుకు పంపే సర్క్యూట్) ఉన్న పెడల్ దాటాక ఈ కెపాసిటర్ ఉన్నా లేకపోయినా తేడా ఉండదు.

కిందటేడు మా దగ్గరికి ఒక కుర్రాడు వచ్చాడు, ఇంజినీరింగ్ చదువుతున్నాడు. మీలాగే, సౌండ్ కీచుగా ఉందని. అప్పటికే పికప్స్ మార్చాడు, నాబ్‌ల కింద ఉండే పాట్స్ మార్చాడు, మెడ కూడా మార్చే ఆలోచనలో ఉన్నాడు. చూస్తే వైర్‌లెస్ ట్రాన్స్‌మిటర్ వాడుతున్నాడు. వైర్‌లెస్ అంటే కేబులే లేదు, కెపాసిటెన్స్ దాదాపు సున్నా. గిటార్ జాక్ వెనకాల 102 ఒకటి అతికించి ఇచ్చాను. వాయించి, గిటార్ని కిందకీ పైకీ చూసి, “అంకుల్, ఇది నా గిటారేనా?” అన్నాడు. డబ్బులేమీ తీసుకోలేదు, టీ మాత్రం తెప్పించాడు.

తీగలు. మీరు తొమ్మిదో నంబర్ సెట్ వాడుతున్నారు. పలచటి సెట్లు షాపుల్లో మామూలుగా దొరకడం 1960ల్లో మొదలైంది. అంతకుముందు దొరికే సెట్లు లావుగా ఉండేవి, మూడో తీగ కూడా చుట్టుతీగే. లావు తీగ మీటితే మొదటి టక్కు మెత్తగా ఉండి, దాని వెనక స్వరం నిండుగా వస్తుంది. మీరు ఒకేసారి పన్నెండుకి ఎగబాకొద్దు, వేళ్లు చచ్చిపోతాయి. ప్యూర్ నికెల్ అని రాసి ఉన్న పదకొండో నంబర్ సెట్ తీసుకోండి. చుట్టు మూడో తీగ విడిగా దొరికితే అది కూడా వేసుకోండి. కానీ దానితో స్వరాన్ని లాగి వంచడం కష్టం. షాడోస్ వాయింపులో వంపులు చాలావరకు ట్రెమొలో చేతితోనే (తీగల్ని ఒకేసారి వదులు చేసే కడ్డీ) వస్తాయి కాబట్టి మీకు ఇబ్బంది ఉండదు, అదే గిటార్ మీద బ్లూస్ కూడా వాయిస్తే ఉంటుంది.

లావు తీగలు వేస్తే సెటప్ చేయించాలి. బ్రిడ్జి (తీగలు కింద ఆనే లోహపు భాగం) ముందుకి లేస్తుంది, వెనక మూత తీసి స్ప్రింగుల స్క్రూలు బిగించాలి. మెడ కొద్దిగా వంగుతుంది. మెడ చివరుండే నట్ గాడిలో తీగ ఇరుక్కుని, ట్రెమొలో వాడిన ప్రతిసారీ శ్రుతి పోతుంది. చుట్టు మూడో తీగకి ఇంటొనేషన్ (పై ఫ్రెట్లలోనూ శ్రుతి సరిపోవడం) కూడా మళ్లీ సరిచేయాలి. ఇవేవీ చేయకుండా తీగలు మాత్రం మార్చి, గిటార్ పాడైపోయిందని తెచ్చేవాళ్లు నా దగ్గరికి నెలకి ఇద్దరైనా వస్తారు.

పికప్ ఎత్తు కూడా అప్పుడే చూసుకోండి. లావాటి తీగని చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టుకుని, తీగ అడుగుకీ పికప్‌కీ మధ్య ఎడం చూడండి. రెండున్నర మిల్లీమీటర్లు ఉండాలి, సన్న తీగ వైపు రెండు. మీ పికప్స్ అడుగున సెరామిక్ అయస్కాంతాలు ఉన్నవైతే ఇంకో అర మిల్లీమీటరు దించి వినండి. దించితే వాల్యూమ్ తగ్గుతుంది, అది ఆంప్‌లో పెంచుకోవచ్చు. కరుకుదనం తగ్గుతుంది, అది మాత్రం ఇంకెక్కడా ఇంత సులభంగా తగ్గదు.

ఇంకొకటి, పాత స్ట్రాట్లలో బ్రిడ్జి పికప్‌కి టోన్ నాబ్ ఉండేది కాదు. హ్యాంక్ 1959లో చేతికి తీసుకున్న ఎర్ర స్ట్రాట్ కూడా ఆ కాలపుదే. అమెరికా సరుకు దిగుమతి మీద బ్రిటన్లో ఆంక్షలుండడంతో అక్కడ ఫెండర్ గిటార్ కనపడడమే అరుదు, ఆ బృందాన్ని వెంటబెట్టుకుని పాడే గాయకుడు క్లిఫ్ రిచర్డ్ నేరుగా అమెరికా నుంచి తెప్పించి ఇచ్చాడు. హ్యాంక్ ఎక్కువగా వాయించేది ఆ బ్రిడ్జి పికప్ మీదే. టోన్ నాబ్ లేకపోయినా కీచుగా లేదంటే, తక్కిన దారంతా ట్రెబుల్‌ని తింటోంది కాబట్టే. మన గిటార్లకి మాత్రం స్విచ్ మీద చిన్న వైరు ముక్క వేసి రెండో టోన్ నాబ్‌ని బ్రిడ్జికి కలుపుకోవడం మంచిది. పది నిమిషాల పని. కలిపాక ఏడు దగ్గర పెట్టండి.

ఎకో. షాడోస్ సౌండ్ అనగానే చెవికి తెలిసేది ఇదే, ప్రీసెట్లలో ఎక్కువ తప్పుగా ఉండేదీ ఇదే. హ్యాంక్ వాడింది ఇటలీలో తయారైన మెయాజ్జి ఎకో యంత్రం. దాంట్లో రికార్డైన స్వరాన్ని తిరిగి వినిపించే ప్లేబ్యాక్ హెడ్లు ఒకటికి మించి ఉంటాయి. ఒక స్వరం మీటితే సమాధానం ఒకటి కాదు, కొద్ది ఎడంతో రెండు మూడు వస్తాయి, అవి కలిసి ఒక లయ కడతాయి. మన ప్రాసెసర్లో ఒక్క డిలే (ఎకో ఇచ్చే బ్లాకు) పెట్టి ఫీడ్‌బ్యాక్ (ఎన్నిసార్లు తిరిగి వినిపించాలన్నది) పెంచితే ఆ లయ రాదు, బావిలో అరిచినట్టుంటుంది.

రెండు డిలే బ్లాకులు పక్కపక్కన, ప్యారలల్‌గా పెట్టండి. నేను ఒకటి 130, రెండోది 390 మిల్లీసెకన్లు పెడతాను, పాట వేగాన్ని బట్టి రెండూ అదే నిష్పత్తిలో జరుపుతాను. ఫీడ్‌బ్యాక్ రెండిటికీ తక్కువే, ఒకటి రెండు సార్లు వినిపించి ఆగిపోవాలి. మిక్స్ ఇరవై శాతం. ముఖ్యమైంది: డిలే లోపల హై కట్ 3,000 దగ్గర పెట్టాలి. పాత యంత్రంలో మాట తిరిగొచ్చేసరికి మసకబారి ఉండేది. మసక ఎకో వెనక నిలబడుతుంది, తెల్లటి ఎకో ముందుకొచ్చి మీ తర్వాతి స్వరం మీద పడుతుంది. మాడ్యులేషన్ ఉంటే చెవికి తెలిసీ తెలియనంత. తెలిసిపోతే ఎక్కువైనట్టు.

రివర్బ్ గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. ప్లేట్ రకం, కొంచెం.

చేతి విషయం రాయకపోతే ఇదంతా దండగ. ఒక్క స్వరం తీసుకోండి. మందపాటి పిక్‌తో, బ్రిడ్జికి మూడు వేళ్ల దూరంలో, తీగ మీదకి కాస్త ఏటవాలుగా పడేట్టు మీటండి. ట్రెమొలో చెయ్యి ముందే అరచేతిలో ఉండాలి, మీటాక వెతుక్కోకూడదు. మీటగానే ఊపొద్దు. స్వరం నిలబడనిచ్చి, మొదటి ఎకో వచ్చే వేళకి చిటికెన వేలి బరువంత నొక్కి వదలండి. ఎకో నిటారుగా వినిపిస్తుంటే అసలు స్వరం ఊగుతుంది, ఆ రెండిటి రాపిడిలోనే ఆ తడి ఉంది. ఈ ఒక్కటీ పట్టుబడడానికి నాకు ఒక వర్షాకాలం పట్టింది.

ఇక ఫజ్. మీరు రేపు 1960ల చివరి సౌండ్ వైపు వెళ్లినా, మన ఊళ్లలో జెర్మేనియం పెడల్ కొనేముందు ఆలోచించండి. 1966లో వచ్చిన ఫజ్ ఫేస్ మొదట్లో జెర్మేనియం ట్రాన్సిస్టర్లతోనే ఉండేది, వేడి తగిలితే వాటి లీకేజ్ కరెంటు పెరిగి, అవి పనిచేసే స్థితి (బయాస్) జరిగిపోతుంది. ఇంగ్లండ్ చలికి అది సమస్యే కాదు. మే నెలలో కృష్ణా తీరాన ఆరుబయట స్టేజీ, సాయంత్రం ఆరైనా పలకలు కాలుతున్నాయి. సోలో మొదలుపెట్టగానే నా పెడల్ గొంతు పట్టేసినట్టు ఉక్కిరిబిక్కిరై ఆగిపోయింది. అప్పటినుంచి ఎండాకాలం ప్రోగ్రాములకి దాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి కూల్‌డ్రింకుల ఐస్ పెట్టె పక్కన పెట్టి, ఆ పాటకి ముందు తెప్పించుకునేవాణ్ణి. “మీ మందులా సార్?” అని అడిగాడు ఒక వాలంటీర్. ఇప్పుడు సిలికాన్‌ది వాడుతున్నాను. రకం ఏదైనా, ఇలాంటి ఫజ్ గిటార్ పక్కనే మొదటి పెడల్‌గా ఉండాలి, దాని ముందు బఫర్ గానీ వైర్‌లెస్ గానీ ఉండకూడదు.

అమెరికాలో ఉన్న మీ బావగారి చేత పాత వాల్వ్ ఆంప్ తెప్పించుకుంటానని ప్రశ్న చివర్లో రాశారు. అక్కడి ఆంప్ 120 వోల్ట్లది, మన ప్లగ్‌లో 230 వస్తుంది. ల్యాప్‌టాప్ చార్జర్ రెండు చోట్లా పనిచేస్తుంది కదా అని దీన్నీ అలాగే పెట్టొద్దు. ఆంప్ వాటేజ్‌కి మించిన స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. నా దగ్గరికి వచ్చిన ఒక ఆంప్‌ని నేరుగా పెట్టారు, ఫ్యూజ్ పోయింది. పోయింది కదా అని ఫ్యూజ్ చోట రాగి తీగ చుట్టి మళ్లీ పెట్టారు. ఈసారి లోపలి ట్రాన్స్‌ఫార్మర్ పోయింది. బల్ల మీద మూత తీసేసరికి కాలిన వార్నిష్ వాసన షాపంతా. వాల్వ్ ఆంప్ మూత మీరు మాత్రం తీయకండి, ప్లగ్ పీకేశాక కూడా కెపాసిటర్లలో వందల వోల్ట్లు నిలవ ఉంటాయి.

అన్నట్టు, మీ స్ట్రాట్‌లో ఉండే సింగిల్ కాయిల్ పికప్‌తో గుయ్యిమంటోందని కూడా అన్నారు. తీగల మీద చెయ్యి వేస్తే తగ్గుతోందా? తగ్గుతుంటే గిటార్ కంటే ముందు మీ గదిలో ప్లగ్ ఎర్తింగ్ ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. మూడో పిన్ను రంధ్రం ఉంటుంది, వెనక వైరు ఉండదు, ఇలాంటి ఇళ్లు చాలా చూశాను. చెయ్యి వేసినా తగ్గకపోతే ఎల్ఈడీ లైటు ఆపి, ల్యాప్‌టాప్‌కి దూరంగా తిరిగి కూర్చుని చూడండి.

ఇంకొక్క మాట. గిటార్ ఒక్కటే వింటూ సెట్టింగులు చేయొద్దు. నేను చెప్పినవన్నీ పెట్టి ఒంటరిగా వింటే మీకు మొద్దుగా అనిపించొచ్చు. వెనకాల డ్రమ్స్, బేస్ ట్రాక్ పెట్టి వినండి. అసలు రికార్డుతో పోల్చేటప్పుడు రెండిటి వాల్యూమ్ సమానంగా పెట్టండి, ఏది గట్టిగా ఉంటే అదే బాగున్నట్టు చెవి మోసపోతుంది.

ముందు స్పీకర్, గెయిన్, ఎకో మార్పులు చేసి ఒక నిమిషం రికార్డు చేసి ఇక్కడ పెట్టండి, ఎకోతో ఒకసారి, ఎకో లేకుండా ఒకసారి. పిక్‌గార్డ్ విప్పే ఓపిక ఉంటే పికప్ అడుగు భాగం ఫోటో కూడా. కింద అడ్డంగా పట్టీలాంటి అయస్కాంతం ఉందో, లేక ఆరు విడివిడి కడ్డీలున్నాయో చూసి, అప్పుడు పికప్స్ సంగతి చెప్తాను.